ఒకే బట్టీలో కట్టె, కవరు

పాలప్యాకెట్ కవరు బరువులో దాదాపు 86 శాతం కార్బన్. మిగిలిన 14 శాతం హైడ్రోజన్. ఎండిన పత్తికట్టెలో కార్బన్ సగం కూడా ఉండదు, 45 శాతానికి కాస్త అటూ ఇటూ. మిగతా దాంట్లో ఎక్కువ భాగం ఆక్సిజన్, కొంచెం హైడ్రోజన్, కాస్త బూడిద. ఈ రెండింటినీ విడివిడిగా, గాలి చొరబడని గిన్నెల్లో పెట్టి 500 డిగ్రీల దాకా కాచామనుకోండి. బొగ్గంటే కార్బనే కాబట్టి కార్బన్ ఎక్కువున్న కవరే ఎక్కువ బొగ్గు ఇవ్వాలని ఎవరైనా అనుకుంటారు. జరిగేది అందుకు పూర్తిగా వ్యతిరేకం. పత్తికట్టె తన బరువులో పాతిక నుంచి ముప్పై శాతం దాకా గట్టి బొగ్గుగా మిగులుతుంది. కవరున్న గిన్నెలో అడుగున మసి అంటుకున్న గుర్తు తప్ప ఏమీ ఉండదు.

మరి రెండింటినీ కలిపి ఒకే గిన్నెలో కాస్తే? కట్టె తన వాటా బొగ్గు తాను ఇచ్చి, కవరు తన దారిన తాను ఆవిరైపోతుందా? లేక ఒకదాని సహవాసం వల్ల రెండోదాని తీరు మారుతుందా? ముప్పై ఏళ్లకు పైగా ఎన్నో ప్రయోగశాలలు ఈ ప్రశ్న మీద కూర్చున్నాయి. జవాబు అవును, కాదు అన్నంత తేలిగ్గా రాలేదు. ఎందుకు రాలేదన్నదే ఈ అధ్యాయం.

ముందు ఒక మాట. ఈ రెంటినీ కలపడం శాస్త్రవేత్తల సరదా కాదు. అవి పొలంలోనే కలిసిపోయి ఉంటాయి. మిర్చి, పుచ్చ, టమాటా వేసే రైతులు మన దగ్గర బోదెల మీద మల్చింగ్ షీటు పరుస్తున్నారు. 25, 30 మైక్రాన్ల పాలిథీన్ అది. కలుపు రాదు, తేమ ఆరదు. పంట అయిపోయాక మొక్క పీకితే వేరుతో పాటు చిరిగిన షీటు ముక్క, షీటుతో పాటు మట్టి, ఒక్కోసారి డ్రిప్ పైపు ముక్క కూడా చేతికొస్తాయి. చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఇది ఇంకా పెద్ద సమస్య. ఆ దేశపు పత్తిలో అత్యధిక భాగం అక్కడే పండుతుంది, దాన్ని పాలిథీన్ పొర పరిచే పండిస్తారు. ఆ పొరకు 8 మైక్రాన్ల మందం చాలని చాలాకాలం అక్కడి ప్రమాణం చెప్పేది. 2018 నుంచి దాన్ని 10 మైక్రాన్లకు పెంచారు. అంత పలచటి పొర ఒక్క కారు ఎండకే పీలికలవుతుంది. ఏరినా పూర్తిగా రాదు, వచ్చింది కట్టెతో చిక్కుపడి వస్తుంది. పత్తికట్టెనూ మల్చింగ్ పొరనూ కలిపి కాచిన పరిశోధనలు చైనా నుంచి రావడానికి కారణం ఇదే. విడదీయలేకపోయారు, సరే, కలిపే కాల్చి చూద్దామనుకున్నారు.

ఇక అసలు విషయం. ఎంత కార్బన్ ఉందన్నదాన్ని బట్టి బొగ్గు రాదు. వేడి తగిలినప్పుడు పారిపోకుండా ఎంత కార్బన్ నిలబడగలదన్నదాన్ని బట్టి వస్తుంది. నిలబడాలంటే ఒక కార్బన్ పరమాణువు పక్క గొలుసులోని కార్బన్‌ను పట్టుకోవాలి, అది ఇంకోదాన్ని పట్టుకోవాలి, అలా అన్నీ కలిసి వల అల్లుకోవాలి. పాలిథీన్ గొలుసులో ఒక్కో కార్బన్‌కు రెండేసి హైడ్రోజన్లు ఉంటాయి. వేడికి గొలుసు ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. తెగిన కొసకు పక్కనే హైడ్రోజన్ దొరుకుతుంది, దొరక్కపోతే తనలో తాను జంటబంధం కట్టుకుని సర్దుకుంటుంది. పక్క గొలుసుతో దానికి పని పడదు. తెగి తెగి చిన్నదైన ముక్క మైనంగానో నూనెగానో ఆవిరై వెళ్లిపోతుంది. 86 శాతం కార్బన్ అలా చేతికి చిక్కకుండా పోతుంది.

కట్టె కథ వేరు. దాని ఒంట్లో సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే మూడు పెద్ద పదార్థాలున్నాయి. సెల్యులోజ్ గొలుసులో ఒక్కో కడియంలో ఆరు కార్బన్లు, పది హైడ్రోజన్లు, అయిదు ఆక్సిజన్లు. పది హైడ్రోజన్లు, అయిదు ఆక్సిజన్లు అంటే లెక్కకు అయిదు నీటి అణువులే. ఆ నీరంతా బయటికి పోయి కార్బన్ ఒక్కటే మిగిలితే 162 గ్రాముల సెల్యులోజ్‌కు 72 గ్రాముల బొగ్గు రావాలి, అంటే 44 శాతం. నిజంగా అంత రాదు. కొంత ఆక్సిజన్ నీరుగా పోకుండా కార్బన్‌ను వెంటబెట్టుకుని కార్బన్ డయాక్సైడ్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా పోతుంది. కొంత సెల్యులోజ్ అసలు బొగ్గయ్యే లోపలే లెవోగ్లూకోసాన్ అనే చక్కెరలాంటి పదార్థమై ఆవిరవుతుంది. అయినా నీరు ఊడిపోయిన ప్రతిచోటా కార్బన్‌కు ఒక బంధం ఖాళీ అవుతుంది, ఆ ఖాళీని పక్క గొలుసు పూరిస్తుంది. లిగ్నిన్‌లో కార్బన్ వలయాలు ముందే ఉన్నాయి కాబట్టి దాని పని ఇంకా సులువు. తన బరువులో 40 శాతం దాకా అదొక్కటే బొగ్గుగా నిలుస్తుంది.

కాబట్టి బొగ్గు కట్టించేది ఆక్సిజన్, బొగ్గు కాకుండా తప్పించేది హైడ్రోజన్. కొంచెం మొరటుగా చెప్పానుగానీ, ఈ అధ్యాయం మొత్తానికి ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు.

ఈ సంగతిని బొగ్గుల మీదే పనిచేసి తేల్చిన మనిషి రోజలిండ్ ఫ్రాంక్లిన్. డీఎన్ఏ ఎక్స్-రే చిత్రంతో పేరున్న ఫ్రాంక్లినే. ఆ పేరు వినగానే అందరికీ 1952 నాటి ఆ ఎక్స్-రే చిత్రం గుర్తొస్తుంది, దాని చుట్టూ జరిగిన అన్యాయం గుర్తొస్తుంది. అంతకు ముందు దాదాపు పదేళ్లు ఆవిడ బ్రతుకంతా బొగ్గే. 1942లో లండన్‌లో బొగ్గు వినియోగ పరిశోధన సంఘంలో చేరి, బొగ్గులోని సూక్ష్మరంధ్రాల మీద పనిచేసి, ఆ పనికే 1945లో కేంబ్రిడ్జి డాక్టరేట్ తీసుకున్నారు. 1947 నుంచి పారిస్‌లో రకరకాల పదార్థాలను బొగ్గు చేసి, 3000 డిగ్రీల దాకా కాచి, ఎక్స్-రేలతో లోపలి అమరిక చూశారు. 1951లో అచ్చయిన ఆ పరిశోధన పత్రాన్ని కార్బన్ మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ చదువుతారు.

అందులో ఆవిడ పోల్చిన రెండు పదార్థాలూ ప్లాస్టిక్‌లే. ఒకటి పీవీసీ, రెండోది దాని దగ్గరి చుట్టం పాలివినైలిడిన్ క్లోరైడ్. పేర్లు, పుట్టుక దాదాపు ఒకటే. బొగ్గులు మాత్రం పూర్తిగా వేరు. పీవీసీ బొగ్గును బాగా కాస్తే పెన్సిల్ ములుకులో ఉండే మెత్తటి గ్రాఫైట్ అవుతుంది. రెండోది 3000 డిగ్రీల దగ్గర కూడా గట్టిగా, రంధ్రాలతో, గ్రాఫైట్ కాకుండా మొండికేసుకుని కూర్చుంటుంది. కారణం హైడ్రోజన్ లెక్కలో ఉంది. రెండో ప్లాస్టిక్‌లో హైడ్రోజన్లు, క్లోరిన్లు సమానం. జంటలు జంటలుగా హైడ్రోజన్ క్లోరైడ్ వాయువై వెళ్లిపోతే మిగిలేది కార్బన్ ఒక్కటే. కరగడానికి వ్యవధి లేదు, తక్కువ ఉష్ణోగ్రతలోనే కార్బన్లు అడ్డదిడ్డంగా ముడిపడిపోతాయి. పీవీసీలో క్లోరిన్ అంతా పోయాక కూడా హైడ్రోజన్ మిగిలే ఉంటుంది. అందుకని మెత్తబడి, పారి, పొరలు పొరలుగా సర్దుకునే వెసులుబాటు దొరుకుతుంది. ఆక్సిజన్ ఎక్కువ, హైడ్రోజన్ తక్కువ ఉన్నవి తొందరగా ముడిపడి గట్టి బొగ్గవుతాయి. హైడ్రోజన్ పుష్కలంగా ఉన్నవి ద్రవమై దారి మారుస్తాయి. కట్టె మొదటి జాతి, పాలిథీన్ రెండో జాతి. మనం ఒకే బట్టీలో పెడుతున్నది ఈ రెండు జాతుల్ని.

ఇప్పుడు బట్టీ మూత వేసి, వేడి పెంచుకుంటూ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. సగం పత్తికట్టె ముక్కలు, సగం మల్చింగ్ షీటు ముక్కలు అనుకోండి.

100 డిగ్రీల దగ్గర కట్టెలోని తేమ పోతుంది. 110 నుంచి 130 మధ్య షీటు కరుగుతుంది. కరిగిన పాలిథీన్ నీళ్లలా పారదు, చిక్కగా జిగటగా ఉంటుంది. బెల్లం పాకం పట్టిన గవ్వల్లా ఒక్కో కట్టె ముక్కకూ ఒక పూత పడుతుంది. పైన ఒక పొర, కొంత లోపలి సన్నటి గొట్టాల్లోకి. ఆ తర్వాత 220 డిగ్రీల దాకా చెప్పుకోదగ్గదేమీ జరగదు. అక్కణ్ణించి 315 దాకా హెమిసెల్యులోజ్ విరుగుతుంది. వినెగర్ వాసనకు కారణమైన ఎసిటిక్ ఆమ్లం, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ బయలుదేరతాయి. దారిలో ప్లాస్టిక్ పూత అడ్డం. బుడగలు కట్టి, దాన్ని తోసుకుని బయటపడాలి. 315 నుంచి 400 మధ్య సెల్యులోజ్ వంతు. లిగ్నిన్ ఎప్పుడో మొదలుపెట్టి, తాపీగా, 900 డిగ్రీల దాకా సాగదీస్తూనే ఉంటుంది.

400 డిగ్రీలు దాటేసరికి కట్టె చాలావరకు బొగ్గయిపోయింది. పాలిథీన్ ఇప్పుడిప్పుడే తెగడం మొదలుపెడుతోంది! దాని జోరంతా 450, 480 డిగ్రీల మధ్య. 500 దాటేసరికి అదీ అయిపోతుంది.

ఒకరి పెళ్లి అయ్యాక రెండోవాళ్లు విడిదికి దిగినట్టుంది వ్యవహారం. అందుకే, కలిపి కాస్తే రెండూ గాఢంగా కలిసిపోతాయని మొదట్లో ఆశపడినవాళ్లకు పాలిథీన్‌తో నిరాశే ఎదురైంది. అయినా ఆ 400 డిగ్రీల లోపల ఏమీ జరగలేదనడానికి లేదు. కట్టె విరిగినప్పుడు, ముఖ్యంగా లిగ్నిన్ విరిగినప్పుడు, రాడికల్స్ అనే తెగిన కొసలు పుడతాయి. వాటికి అత్యవసరంగా ఏదో ఒకటి అతుక్కోవాలి. పక్కనే కరిగిన పాలిథీన్ ఉంటే దాన్నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుంటాయి. హైడ్రోజన్ పోయిన చోట పాలిథీన్ గొలుసు బలహీనపడి, ఒంటరిగా ఉన్నప్పటికంటే కాస్త ముందే తెగుతుంది. హైడ్రోజన్ దొరికిన కట్టె ముక్క ఇంకో కట్టె ముక్కతో ముడిపడాల్సిన పని తప్పి, నూనెలో భాగమై బయటికి పోతుంది. అంటే నూనె పెరుగుతుంది, బొగ్గు కొంచెం తగ్గుతుంది. ఆ నూనె నాణ్యత కూడా మెరుగే. ఒట్టి కట్టె నూనె పుల్లగా, నీళ్లు కలిసి, పైపుల్ని తినేసేంత ఆమ్లంగా ఉంటుంది. ప్లాస్టిక్ కలిస్తే దాంట్లో ఆక్సిజన్ పాలు తగ్గుతుంది. ఇంధనం కోసం ఈ పని చేసేవాళ్ల ఆసక్తి నిజానికి ఆ నూనె మీదే, బొగ్గు మీద కాదు.

ప్లాస్టిక్ పూతకు ఇంకో గుణం ఉంది, అది ఎదురు దిశలో పనిచేస్తుంది. కట్టెలోంచి వచ్చే ఆవిర్లను అది తేలిగ్గా పోనివ్వదు. ఆవిరి ఎంత ఎక్కువసేపు వేడి బొగ్గును ఒరుసుకుని ఉంటే అంత ఎక్కువగా విరిగి అక్కడే కొత్త బొగ్గుగా పేరుకుంటుంది. ఇది ప్లాస్టిక్ లేకుండానే తెలిసిన సంగతి. హవాయి విశ్వవిద్యాలయంలో మైఖేల్ ఆంటల్ బృందం కట్టెను పీడనం కింద, ఆవిర్లు బయటపడకుండా బంధించి కాచి, మామూలు బట్టీల కంటే ఎంతో ఎక్కువ బొగ్గు రాబట్టింది. ఆ మూత చేసే పనిని ఇక్కడ కొంతమేరకు కరిగిన పూత చేస్తుంది. కాబట్టి ఒకే షీటు హైడ్రోజన్ ఇచ్చి బొగ్గు తగ్గిస్తుంది, ఆవిర్లను ఆపి బొగ్గు పెంచుతుంది. ఏది గెలుస్తుందన్నది వేడి ఎంత వేగంగా పెంచారు, ముక్కలు ఎంత చిన్నవి, గిన్నెకు మూత ఉందా అన్న వాటి మీద ఆధారపడుతుంది. ఒకే జోడీ మీద ఒక పత్రం బొగ్గు పెరిగిందనీ ఇంకోటి తగ్గిందనీ రాస్తే ఇద్దరిలో ఒకరు తప్పు చేశారని అనుకోనక్కర్లేదు.

ఒకరు తప్పు చేసి ఉండే అవకాశమూ ఉంది. అదెలాగో చెప్పాలంటే కొలిచే పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి.

ఎక్కువమంది వాడేది థర్మోగ్రావిమెట్రీ అనే యంత్రం. చిటికెన వేలి గోరంత పింగాణీ గిన్నె, దాన్ని మోసే అతి సున్నితమైన తక్కెడ, చుట్టూ చిన్న కొలిమి. గిన్నెలో 10 మిల్లీగ్రాముల పొడి వేస్తారు. గాలి లేకుండా నైట్రోజన్ పారిస్తూ, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి పెంచుతారు. బరువు తగ్గుతున్న కొద్దీ తెర మీద గీత దిగుతూ పోతుంది. ఒట్టి పత్తికట్టెకు గీత 220 దాటాక జారడం మొదలుపెట్టి, 400 దగ్గర మెట్టు కట్టి, అక్కణ్ణించి నెమ్మదిగా వాలుతుంది. ఒట్టి పాలిథీన్‌కు 400 దాకా తాడు కట్టినట్టు తిన్నగా ఉండి, ఆ పైన ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. కలిపిన పొడికి రెండు మెట్లు కనిపిస్తాయి.

ఇప్పుడు లెక్క. ఒట్టి కట్టె 28 శాతం బొగ్గు ఇస్తుంది, పాలిథీన్ సున్నా అనుకుంటే సగం సగం కలిపినప్పుడు 14 శాతం రావాలి. 14 వస్తే ఎవరి దారి వారిదే. 17 వస్తే ప్లాస్టిక్ సహవాసంతో బొగ్గు పెరిగినట్టు, 11 వస్తే తరిగినట్టు. లెక్కకూ కొలతకూ ఉన్న ఈ తేడాకే సినర్జీ అని పేరు. పరిశోధన పత్రాల శీర్షికల్లో ఈ మాట కనిపించినంత తరచుగా, లోపలి పట్టికల్లో ఆ తేడా కనిపించదన్నది నా అభిప్రాయం. ఒక శాతం తేడా అంటే 10 మిల్లీగ్రాముల్లో పదో వంతు మిల్లీగ్రాము. తక్కెడ అంతకంటే ఎంతో సూక్ష్మంగా తూచగలదు. కానీ ఆ చిటికెడు పొడిలో కట్టె సరిగ్గా సగమే పడిందని ఎవరు హామీ ఇస్తారు? పత్తికట్టె బెరడుకు బూడిద ఎక్కువ, లోపలి బెండుకు తక్కువ. గిన్నెలో బెరడు పలుకు ఒకటి ఎక్కువ పడితే చాలు, కొత్త సినర్జీ పుట్టుకొస్తుంది. తప్పు తక్కెడది కాదు, చిటికెది. పైగా అంత చిన్న గిన్నెలోంచి నైట్రోజన్ ఆవిర్లను పుట్టినవి పుట్టినట్టే ఊడ్చుకుపోతుంది; కలిసి ఏదన్నా చేసుకునే వ్యవధే వాటికి ఇవ్వదు. ఒక కిలో పట్టే బట్టీలో, ఆవిర్లు చిక్కుకుని తిరిగే చోట, కథ మారుతుంది. గోరంత గిన్నెలో చూసింది డ్రమ్ములో జరుగుతుందని రాయడం, డ్రమ్ములో చూసింది కర్మాగారంలో జరుగుతుందని రాయడం, రెండూ తొందరపాటే.

ఇంకో మోసం ఉష్ణోగ్రతలో ఉంది. కొందరు 350, 380 డిగ్రీల దగ్గర కాచి, ప్లాస్టిక్ కలపడం వల్ల బొగ్గు దిగుబడి బాగా పెరిగిందనీ, ఆ బొగ్గు మామూలు బొగ్గు కంటే ఎక్కువ వేడినిస్తోందనీ రాస్తారు. ఎందుకివ్వదు? ఆ ఉష్ణోగ్రతకు పాలిథీన్ ఇంకా తెగనే లేదు. కరిగింది, చల్లారాక గడ్డకట్టి కట్టెబొగ్గుకు అంటుకుని ఉంది. కిలో పాలిథీన్ కాలిస్తే 45 మెగాజౌళ్ల దాకా వేడి వస్తుంది, మంచి కట్టెబొగ్గుకు 30. కాబట్టి వేడి పెరగడంలో వింత లేదు. అది బొగ్గు కాదు, ప్లాస్టిక్ పట్టించిన బొగ్గు. చేత్తో పట్టుకున్నా తేడా తెలుస్తుంది. బాగా కాలిన పత్తికట్టె బొగ్గు తేలిగ్గా, వేళ్ల మధ్య గలగలమని, ఫట్‌మని విరుగుతుంది, చేతికి పొడి మసి అంటుతుంది. ఇది ముద్దలు కట్టి, విరవబోతే కొంచెం వంగి, నున్నగా తగులుతుంది.

చేతికి తెలిసిన ఆ తేడాకు ఒక అంకె కూడా ఉంది. కార్బన్ పరమాణువు ఒక్కదానికి హైడ్రోజన్లు ఎన్ని? పాలిథీన్‌లో 2. సెల్యులోజ్‌లో 1.67. నేలలో వేసే బొగ్గుకు, అంటే బయోచార్‌కు, అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టిన పరిమితి 0.7, అంతకు మించితే అది సరిగా బొగ్గు కాలేదని లెక్క. దిగుబడి అంకె పక్కన ఈ అంకె కూడా ఇవ్వని పత్రాన్ని నేనైతే అనుమానంగానే చదువుతాను.

ఇంతవరకూ పాలిథీన్ గురించే మాట్లాడాం. ప్లాస్టిక్‌లన్నీ ఒకేలా చావవు. పాలిథీన్ ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. యూరియా బస్తా నేసే పాలిప్రొపిలీన్‌దీ ఇంచుమించు అదే దారి, కాస్త తక్కువ వేడికే. థర్మోకోల్‌గా మనకు తెలిసిన పాలిస్టైరీన్ 350 నుంచి 430 మధ్య, జిప్పు ఊడదీసినట్టు, కొస నుంచి ఒక్కో స్టైరీన్ అణువును వదిలేస్తూ పోతుంది. దాంట్లో కార్బన్ వలయాలున్నాయి, అయినా బొగ్గు మిగలదు, వలయాలతో సహా ఎగిరిపోతుంది. నీళ్ల సీసా చేసే పెట్ ప్లాస్టిక్‌లోనూ వలయాలున్నాయి, ఆక్సిజన్ కూడా ఉంది. ఒంటరిగా కాచినా పది శాతం పైనే బొగ్గు ఇస్తుంది. మనం మొదట్లో చెప్పుకున్న ఆక్సిజన్ సూత్రం ఇక్కడ మళ్లీ నిజమైంది.

అన్నింటిలో కట్టెతో గట్టిగా కలబడేది పీవీసీ. మన పొలాల్లో బోరు పైపు, మోటారు నుంచి వచ్చే మెయిన్ లైను, కరెంటు తీగ మీది తొడుగు, అన్నీ అదే. దాని బరువులో 57 శాతం క్లోరిన్. 250 నుంచి 350 డిగ్రీల మధ్య ఆ క్లోరిన్ అంతా హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా, అంటే నీటిలో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లమయ్యే వాయువుగా ఊడి వస్తుంది. సరిగ్గా అదే వేడిలో హెమిసెల్యులోజ్, సెల్యులోజ్ విరుగుతున్నాయి. పాలిథీన్‌తో కుదరని ముహూర్తం ఇక్కడ కుదిరింది. ఆమ్లం సెల్యులోజ్‌లోంచి నీటిని లాగేస్తుంది. సెల్యులోజ్ తక్కువ వేడికే విరిగి, చక్కెర ఆవిరిగా పోవాల్సిన కార్బన్ కూడా బొగ్గులోనే చిక్కుకుంటుంది. క్లోరిన్ పోయిన పీవీసీ కూడా జంటబంధాల గొలుసుగా మారి, వలయాలు కట్టి తన వంతు బొగ్గు ఇస్తుంది. కొలిస్తే లెక్కకు మించిన బొగ్గు! చిటికెతో పుట్టిన సినర్జీ కాదిది, ఖచ్చితంగా నిజమైనది.

బొగ్గు దిగుబడి ఒక్కటే చూసేవాడు కట్టెకు పీవీసీనే జోడీ చేస్తాడు. అలా చూడకూడదన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ ఆమ్ల వాయువు బట్టీ ఇనుమును తినేస్తుంది, పక్కనున్నవాళ్ల గొంతునూ ఊపిరితిత్తులనూ కాలుస్తుంది. కొంత క్లోరిన్ కట్టె బూడిదలోని పొటాషియంతో కలిసి ఉప్పుగా బొగ్గులోనే ఉండిపోతుంది. పాత పీవీసీ పైపుల్లో సీసం లవణాలు కలిపేవారు; వాటిని తొలగించాలని మన దేశంలో నిబంధన వచ్చింది 2021లోనే. ప్లాస్టిక్ ఎగిరిపోయినా సీసం ఎగరదు, చాలావరకు బొగ్గులో మిగిలి నేలలోకి వస్తుంది. అన్నిటికంటే దారుణం డయాక్సిన్‌లు. క్లోరిన్, కార్బన్, కొంచెం గాలి, 200 నుంచి 450 డిగ్రీల వేడి, వీటికి తోడు రాగి ఉంటే అవి పుట్టడానికి సర్వం సిద్ధమైనట్టే. రాగి తీగ కోసం పైతొడుగు కాల్చే మంటలో ఈ అయిదూ ఉంటాయి.

గాలి చొరబడని గిన్నె అని మొదటి నుంచీ అంటున్నాను. ఊళ్లో బయోచార్ చేసే డ్రమ్ము అలాంటి గిన్నె కాదు. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అందరూ క్రీడా అనేది, రైతులు తేలిగ్గా వాడుకునేలా డ్రమ్ము బట్టీ రూపొందించి, పత్తి, కంది, మొక్కజొన్న, ఆముదం కట్టెలను బొగ్గు చేసి నేలలో వేసి చూసింది. పొలంలో తగలబెట్టే కట్టెకు అది మంచి దారి. అక్కడ కాచింది ఒట్టి కట్టెనే. ఇలాంటి డ్రమ్ముల్లో అడుగున గాలి రంధ్రాలుంటాయి, కట్టెలో కొంత భాగం కాలి మిగతా దానికి వేడినిస్తుంది, ఆవిర్లు పైనుంచి వాతావరణంలోకి పోతాయి. ఒకచోట 600 డిగ్రీలుంటే పక్కనే 300 ఉంటుంది. కట్టెకు అది చాలు. ప్లాస్టిక్‌కు ఎంతమాత్రం చాలదు. చల్లటి మూలలో తెగని పాలిథీన్, వేడి మూలలో నాఫ్తలీన్ నుంచి బెంజోపైరీన్ దాకా కలిసిపోయిన వలయాల పదార్థాలు, రెండూ అదే బొగ్గులో చేరతాయి. బెంజోపైరీన్ క్యాన్సర్ కారకమని రుజువైన పదార్థం.

ఆవిర్లను బంధించి మండించే, ఉష్ణోగ్రత అంతటా ఒకేలా ఉంచే పెద్ద యంత్రాల్లో, పీవీసీని ముందే ఏరేసి, 550 డిగ్రీల పైన కట్టెనూ పాలిథీన్‌నూ కలిపి కాస్తే అది వేరే సంగతి. నూనె, వాయువు పనికొస్తాయి. మిగిలిన బొగ్గును సిమెంటు బట్టీలో ఇంధనంగా వాడొచ్చు, ఆవిరితో మళ్లీ కాచి మురుగునీటిని వడకట్టేందుకు వాడొచ్చు. పొలంలో వేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. వలయాల పదార్థాలు, సీసం, 0.7 అంకె, అన్నీ పరీక్షలో నెగ్గిన బొగ్గయితే అప్పుడు ఆలోచించవచ్చు. ఆ పరీక్షల ఖర్చు ఆ బొగ్గు ధర కంటే ఎక్కువ. పోనీ, కట్టెతో చిక్కుపడి వచ్చిన షీటును ఏం చేయాలి? నిజానికి దానికి కెమిస్ట్రీ కంటే పొలం పనే మంచి జవాబు. చివరి కోత అయ్యాక మొక్క పీకడానికి ముందే షీటు తీసేస్తే అది చిరక్కుండా, మట్టి తక్కువగా వస్తుంది. మందం షీటు వేసిన చోట ఈ పని సులువు, పలచటిది వేసిన చోట కాదు.

బయోచార్ చేసుకునేవాళ్లకు చివరగా ఒక చిన్న పని. కట్టెల కుప్పలో దొరికిన ప్లాస్టిక్ ముక్కలు ఏమిటో తెలియకపోతే బకెట్టు నీళ్లలో వేయండి. పాలిథీన్, పాలిప్రొపిలీన్ నీటికంటే తేలిక, పైకి తేలతాయి. వాటిని కడిగి ఆరబెట్టి పాత సామాన్లవాళ్లకు వేయొచ్చు. పీవీసీ, పెట్ మునుగుతాయి. లోపల గాలి ఉంది కాబట్టి థర్మోకోల్ తేలుతుంది, దాన్ని చూస్తేనే గుర్తుపట్టవచ్చు. మునిగిన వాటిలో పైపు ముక్కలు, తీగ తొడుగులు ఉంటే అవి పీవీసీయే, వాటిని విడిగా ఉంచండి, ఏ మంటలోనూ వేయకండి. తేలినా మునిగినా, డ్రమ్ములోకి మాత్రం కట్టె ఒక్కటే వెళ్లాలి.